మా తోడికోడలు ముందేచెప్పమ్మ

మా తోడికోడలికి ఉన్నది ఒక్కటే జబ్బు. లోకంలో దేన్నైనా సరే, ఎవరినైనా సరే, మెచ్చుకునే ముందు దానివల్ల తనకేం ముట్టిందో బయటపెట్టకపోతే ఆమెకు మాట పెగలదు. "ముందే చెప్పేస్తున్నా" అని మొదలుపెట్టి, తనకు ఎవరేమిచ్చారో, ఎందుకిచ్చారో, తన మాట ఎంతవరకు నమ్మవచ్చో వివరించి, ఆ తర్వాతే అసలు విషయానికి వస్తుంది. అందుకే మా వీధిలో సగం మంది ఆమెను ముందేచెప్పమ్మ అంటారు. మిగతా సగం మంది ఆమె బ్లాగు చదువుతారు కనుక ముందేచెప్పమ్మగారు అంటారు.

ఒకసారి పంటినొప్పితో డాక్టరు దగ్గరికి వెళితే తోడుగా నేనూ వెళ్ళాను. డాక్టరు ఏదో మందు పెట్టి, "ఇప్పుడెలా ఉందమ్మా?" అన్నాడు.

"ముందే చెప్పేస్తున్నా డాక్టరుగారూ. వరసలో నాకంటే ముందు ముగ్గురున్నా మీరు నన్ను లోపలికి పిలిచారు. ఆ కృతజ్ఞత నాలో ఉంది. కాబట్టి నొప్పి తగ్గిందని నేనంటే మీరు పూర్తిగా నమ్మకండి."

"తగ్గిందా లేదా?"

"తగ్గింది. అయినా ఇంకో పేషెంటుని కూడా అడిగి చూడండి."

డాక్టరు నా వైపు తిరిగి, ఈమెకు పన్నేనా నొప్పి అన్నట్టు చూశాడు. నేను గోడ మీది క్యాలెండరు చూస్తూ కూర్చున్నాను.

ఇంకోసారి ఎదురింటి పెద్దాయన పోతే పరామర్శకు వెళ్ళాం. ఇంటినిండా జనం. ఆయన భార్య కుమిలి కుమిలి ఏడుస్తోంది. అక్క, అంటే మా తోడికోడలు, ఆవిడ చెయ్యి పట్టుకుని, "ముందే చెప్పేస్తున్నా పిన్నిగారూ, ఆయన నాకొకసారి వానలో గొడుగిచ్చారు. అదింకా మా ఇంట్లోనే ఉంది. అది పక్కన పెట్టి చూసినా ఆయన చాలా మంచివారు" అంది. ఆవిడ టక్కున ఏడుపు ఆపింది.

"ఏ గొడుగు? కొయ్యపిడిదా?"

"అదే."

"బస్సులో పారేసుకొచ్చాడని ఆయన్ని ఎన్నెన్ని మాటలన్నానో!" అని ఆవిడ ఈసారి రెట్టింపు ఏడ్చింది. మేం వచ్చినప్పటికంటే ఆ ఇంట్లో దుఃఖం పెంచి బయటపడ్డాం.

ఇంట్లో కూడా ఇదే వరస. మాది రెండంతస్తుల ఇల్లు. పైన బావగారూ అక్కా, కింద నేనూ మా ఆయనా అత్తయ్యా. వంటా భోజనాలూ అందరికీ కిందే. ఒకరోజు అత్తయ్య వండి వడ్డిస్తుంటే అక్క, "ముందే చెప్పేస్తున్నా, అత్తయ్య నాకు పెద్ద పెద్ద ముక్కలు చూసి వేశారు. అయినా కూర బాగుంది" అంది. అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. నా పళ్ళెంలోకి చూసుకున్నాను. ముక్కలు చిన్నవే.

దాచేదేముంది, నాకు ఆమె మీద అసూయ. మామూలు అసూయ కాదు, పొద్దున్నే లేచి పళ్ళు తోముకునే ముందే మొదలయ్యేది. ఆమె ఇంటి వస్తువుల మీద బ్లాగు రాస్తుంది. కుక్కర్లు, పరుపులు, ఫ్యాన్లు, బకెట్లు, ఏవైనా సరే, కంపెనీవాళ్ళు ఆమెకు పంపిస్తారు, ఆమె వాడి చూసి రాస్తుంది. వేలమంది చదువుతారు. కొరియరతను మా గుమ్మంలో బెల్లు కొట్టిన ప్రతిసారీ నేనే పరుగెత్తి తలుపు తీస్తాను, అతను నా నెత్తి మీదుగా పైకి చూసి, "మేడమ్ ఉన్నారా?" అంటాడు. మరి నేనెవర్ని? ఆమెకు మూడు రకాల మిక్సీలు. నాది మూత పోయిన మిక్సీ, పైన పళ్ళెం బోర్లించి అదిమిపట్టుకుని తిప్పాలి. చివరికి ఆమె గదిలోంచి వచ్చే ఖాళీ అట్టపెట్టెలు చూసినా నాకు కడుపు మండేది. అంత గట్టి అట్ట!

ఇంకా మండేది ఏమిటంటే, ఆమె ఆ కంపెనీలను నెత్తిన పెట్టుకునేది కూడా కాదు. "ఈ కుక్కరు నాకు ఊరికే ఇచ్చారు" అన్నది ఆమె మొదటి వాక్యం, అదీ పెద్ద అక్షరాలతో. ఒకసారి కుక్కరు కంపెనీ మనిషి నా ఎదుటే బతిమాలాడు.

"మేడమ్, ఆ వాక్యం చివర్న వేయండి. చిన్న అక్షరాల్లో."

"చివరిదాకా ఎవరు చదువుతారండీ?"

"అందుకే మేడమ్."

అక్క ఆ సంభాషణను కూడా అక్షరం పొల్లుపోకుండా కుక్కరు కింద వేసేసింది. అయినా ఆ కుక్కరు బ్రహ్మాండంగా అమ్ముడైంది. నాకు ఆ రోజు అన్నం సయించలేదు.

ఊరికే వచ్చిన వస్తువు మీద మనసు మెత్తబడుతుందని ఆమె భయం. అందుకని అసలు పరీక్ష అత్తయ్య మీద చేస్తుంది. ఎవరిచ్చారో, ఎందుకిచ్చారో చెప్పకుండా కొత్త దిండు తీసుకెళ్ళి అత్తయ్య మంచం మీద పెడుతుంది. అత్తయ్యకు లోకంలో ఏదీ నచ్చదు. "ఇది దిండా, ఇటుకా?" అంటే ఆ దిండు పనికిరాదు. "దిండు పరవాలేదు కానీ గలీబు రంగు దరిద్రంగా ఉంది" అంటే అక్క పొంగిపోయి, రాత్రికి రాత్రి ఆ దిండును ఆకాశానికెత్తేస్తుంది. అత్తయ్య తిట్లకు బజార్లో ఇంత విలువ ఉందని అప్పటిదాకా మాకు తెలియదు.

సరే, ఆమె చేసేది నేను చేయలేనా అనుకున్నాను. నేనూ బ్లాగు పెట్టాను. పాఠకులు మొత్తం ముగ్గురు, మా అమ్మ, మా ఆయన, అక్క. అమ్మ చదవదు, ఎవరిచేతనో చదివించుకుంటుంది. మా ఆయన చదివానంటాడు. నిజంగా చదివేది అక్క ఒక్కతే. ప్రతిదాని కిందా కామెంటు పెడుతుంది. "ముందే చెప్పేస్తున్నా, ఈమె నా తోడికోడలు. చాలా బాగా రాసింది." ఆ మొదటి వాక్యం చదివాక రెండో వాక్యాన్ని ఎవరైనా లెక్కచేస్తారా?

అయినా నాకూ ఒక కంపెనీ దొరికింది. నేల తుడిచే మాపు పంపించి, "ఊరికే ఇచ్చామని రాయకండి, మీరే కొన్నట్టు రాయండి" అన్నారు. నాకేం అభ్యంతరం కనిపించలేదు. "ఎన్నాళ్ళుగానో వెతికి వెతికి కొన్నాను. నా జీవితమే మారిపోయింది" అని రాశాను. గంట తిరక్కుండా అక్క కామెంటు.

"చెల్లీ, ఈ మాపు పార్సిలు వచ్చినప్పుడు నువ్వు స్నానంలో ఉంటే సంతకం పెట్టి తీసుకుంది నేనే కదా. కొన్నదెప్పుడు?"

ఆ కామెంటు తీసేశాను. తీసేసేలోపు మాపు కంపెనీ చూసింది. నా జీవితం మళ్ళీ యథాస్థితికి వచ్చింది. పైకి వెళ్ళి నిలదీశాను.

"అందరి ముందూ నా పరువు తీస్తావా అక్కా?"

"అయ్యో, పరువేమిటే? నువ్వు మర్చిపోయావేమోనని గుర్తు చేశాను" అంది నిజంగానే ఆశ్చర్యపోతూ. అలాంటి మనిషితో ఎవరైనా ఏమని దెబ్బలాడతారు?

ఇదిలా ఉండగా మా ఆయన పనిచేసే అచ్చాఫీసు మూతపడింది. కొన్నాళ్ళు దిగాలుగా తిరిగి, ఒకరోజు ఉన్నట్టుండి సబ్బులు చేస్తానన్నాడు. ఇంటి వెనక గదిలో నూనెలూ కాస్టిక్ సోడా పెట్టుకుని, చేతులకు తొడుగులు, కళ్ళకు అద్దాలు వేసుకుని, గంటల తరబడి గరిటె తిప్పాడు. చెక్కపెట్టెల్లో పోసి, గట్టిపడ్డాక కోసి, ఒక్కొక్కదాని మీద ఆకు గుర్తు అద్దాడు. ఆ అచ్చు ఆయనే చెక్కాడు, అందుకని ఆకు కొంచెం ఎడమకు ఒరిగి ఉంటుంది. చూడటానికి ముద్దుగానే ఉన్నాయి.

"ఇంకా కొన్ని వారాలు గాలికి ఆరాలి. అప్పుడే గట్టిపడతాయి" అన్నాడు.

"రేపు నీళ్ళలో నానేదాన్ని ఇవాళ ఆరబెట్టడమేమిటండీ?" అన్నాను. ఆ వాదనలో లోపమేమిటో నాకు ఇప్పటికీ కనపడదు. ఆయనకూ అప్పుడు కనపడలేదు. తీసుకెళ్ళి మూల కొట్లో పెట్టేశాం.

కొట్టాయన ఒక అర ఖాళీ చేసి ఇచ్చాడు కానీ, నెలాఖరులోగా సరుకు కదలకపోతే ఆ అర ఇంకొకరికి ఇచ్చేస్తానన్నాడు. మా ఆయన కూడా ఒక మాట అనేసుకున్నాడు. ఇవి అమ్ముడుపోకపోతే సబ్బులకు దండం పెట్టేసి, వాళ్ళ మేనమామ గిడ్డంగిలో లెక్కలు రాసే పనికి వెళ్ళిపోవాలి. అది రైల్లో ఒక పగలంతా ప్రయాణం. మూటాముల్లె సర్దుకుని నేనూ వెళ్ళాలి. ఆ గరిటె తిప్పేటప్పుడు ఆయన మొహంలో ఉన్న వెలుగు అచ్చాఫీసులో పనిచేసిన ఇన్నేళ్ళలో ఒక్కనాడూ చూడలేదు. అది ఆరిపోవడం నాకు ఇష్టం లేదు. పైగా, అక్కడికి వెళితే అక్క మీద అసూయపడాలన్నా రైలెక్కి రావాలి.

అందుకని అభిమానం చంపుకుని మేడ మెట్లెక్కాను.

"అక్కా, మీ మరిది సబ్బు గురించి రాయవూ?"

"రాస్తాను. దానికేం?"

"అయితే ఈ ఒక్కసారికి ఆ 'ముందే చెప్పేస్తున్నా' వద్దు."

అక్క కళ్ళజోడు తీసేసింది.

"అదెలా కుదురుతుందే? మరిది అని చెప్పకుండా పొగిడితే చదివేవాళ్ళని మోసం చేసినట్టు కాదూ?"

"మరిది అని చెప్తే, సొంత మరిదిని పొగడక తిడుతుందా అనుకుంటారు."

"అనుకోవాలి. అనుకోవడానికేగా చెప్పేది!"

"లోకంలో అందరూ చెప్పే చేస్తున్నారా? మొన్న ఒకావిడ తలనూనె రాసుకుని ఎంత పొగిడింది! ఆవిడ పెట్టుకున్నది సవరమట."

"ఆవిడ సంగతి నాకెందుకు? నా మాట నమ్మి ఎక్కడో ఒకావిడ సంచీ పుచ్చుకుని కొట్టుకెళ్తుంది. నాకెవరేమిచ్చారో ఆవిడకి తెలిస్తే నా మాటకి ఎంత విలువ కట్టాలో ఆవిడే కట్టుకుంటుంది. అది కూడా నేనే కట్టేస్తే ఎలా?"

"పోనీ, ఒక్క వాక్యం. ఒక్కటంటే ఒక్కటి."

"ఒక్కటే" అని ఒప్పుకుంది.

మాట తప్పలేదు. ఒక్క వాక్యమే రాసింది. "ముందే చెప్పేస్తున్నా, ఈ సబ్బు చేసినవాడు నా మరిది కావడం వల్లా, నేను ఈ ఇంటికి వచ్చిన కొత్తలో నాకు సైకిలు నేర్పినవాడు కావడం వల్లా, నేను పడి చెయ్యి విరగ్గొట్టుకుంటే మా అత్తయ్యకి తెలియకుండా కట్టు కట్టించుకొచ్చినవాడు కావడం వల్లా, అతని భార్య రోజూ మేడెక్కి వచ్చి మరీ నాకు టీ ఇస్తుంది కనుకా, ఆ టీలో చక్కెర నాకు సరిపడా వేస్తుంది కనుకా, ఈ సబ్బు గురించి నేను చెప్పే మంచిని మీరు సగానికి సగం తగ్గించుకుని చదవండి" అని. ఆ కింద సబ్బు గురించి మూడు ముక్కలు. వాసన బాగుంది. నురగ బాగుంది. నీళ్ళు తగిలిన రెండో రోజుకి కరిగి ముద్దవుతుంది.

ఎవరూ కొనలేదు. ఆ వ్యాసం వల్ల కలిగిన ఫలితం ఒక్కటే. అత్తయ్య చదివించుకుని, "చెయ్యి విరిగిందా? ఎప్పుడు? జారిపడి బెణికిందన్నారే!" అని మా ఆయన్నీ అక్కనీ కలిపి ఒక పూటంతా తిట్టింది.

ఆ పూట నుంచి నేను అక్కతో మాటలు మానేశాను. టీ కూడా మానేశాను. మర్నాడు బ్లాగు తీస్తే అదే వ్యాసం కింద కొత్త ముక్క కనిపించింది.

"సవరణ: మరిది భార్య నాకు టీ ఇవ్వడం ఆపేసింది. కాబట్టి పాఠకులు ఇకమీదట సగం తగ్గించుకోనక్కర్లేదు, మూడో వంతు చాలు."

దాన్ని కూడా వందలమంది మెచ్చుకున్నారు. నా కోపం మీద కూడా ఆమెకే పేరొచ్చింది!

ఇక లాభం లేదని నా బ్లాగులో నేనే రాశాను. "నిన్న మూల కొట్లో అనుకోకుండా ఒక సబ్బు చూశాను. మీద ఒరిగిన ఆకు బొమ్మ. ఎవరు చేశారో ఆ మహానుభావుడు, ఆయన చేతులకు నమస్కారం." మా ఆయన చదివి, "ఎవరీ మహానుభావుడు?" అన్నాడు.

"మీరే."

"పొద్దున దద్దమ్మ అన్నావు?"

"అది ఇంట్లో. ఇది బ్లాగులో."

ఆశ్చర్యమేమిటంటే, మర్నాడు సాయంత్రానికి అర ఖాళీ! ఒక్క సబ్బు మిగల్లేదు. నేను కొట్టాయన్ని పట్టుకుని, "ఎవరెవరొచ్చారు? ఏమన్నారు?" అని గుచ్చి గుచ్చి అడిగాను. ఆయన నీళ్ళు నమిలాడు. "వచ్చారమ్మా... జనం వచ్చారు... తీసుకెళ్ళారు" అని తూనికరాళ్ళు తుడవడంలో పడిపోయాడు. అర మాత్రం ఇంకొన్నాళ్ళు మాదేనన్నాడు. మా ఆయన వెనక గదిలో మళ్ళీ గరిటె అందుకున్నాడు, ఈలవేస్తూ. నేను మేడ మెట్ల దగ్గర నిలబడి, పైకి వినపడేలా అందరికీ రెండుసార్లు చెప్పాను, నా రాత బలమేమిటో. పైనుంచి చప్పుడు లేదు. నా సబ్బు వ్యాసం కింద అక్క కామెంటు కూడా లేదు. కుళ్ళుకుంటోంది అనుకున్నాను. నాకు తెలిసిన రోగమే కదా, గుర్తుపట్టలేనా? ఎంత హాయిగా నిద్రపట్టిందో.

ఆ హాయి నెల్లాళ్ళు కూడా నిలవలేదు. ఒక మధ్యాహ్నం ఇంటి ముందు పెద్ద కారు ఆగింది. అందులోంచి ఒకావిడ దిగింది, మంచి బట్టలు, మంచి చెప్పులు, చేతిలో రిబ్బను కట్టిన బుట్ట. ఆ బుట్ట నిండా సబ్బులు! ఒక పేరున్న పెద్ద సబ్బుల కంపెనీవి. నేను పెరట్లో బట్టలారేస్తున్నాను. ఆవిడ పైకి వెళ్ళింది, చాలాసేపటికి దిగింది. సరిగ్గా అప్పుడే గాలికి దుప్పటి నా మొహానికి చుట్టుకుంది. దుప్పటి తొలగించుకునేసరికి కారు వెళ్ళిపోయింది. బుట్ట వెనక్కి వెళ్ళిందో, పైనే ఉండిపోయిందో చూడలేకపోయాను. ఆ దుప్పటిని ఇప్పటికీ క్షమించలేదు.

తర్వాత రోజు నుంచి గమనిస్తే, మేడమీది నుంచి సబ్బు వాసన. తలుపు తీసినప్పుడల్లా గుప్పుమనేది. అంతా అర్థమైపోయింది. మరిది సబ్బుకి మూడు ముక్కలు రాసి, ముద్దవుతుందని లోకానికి చాటి, ఇప్పుడు పెద్ద కంపెనీ బుట్టను పడకగదిలో దాచుకుంటుందా? ఏదీ ఆ 'ముందే చెప్పేస్తున్నా'? బ్లాగులో ఒక్క ముక్క లేదే! ఇన్నేళ్ళకు దొరికింది ఆమె తప్పు. నాకు కోపం వచ్చిందంటే అబద్ధమవుతుంది. పండగలా ఉంది.

కొప్పు గట్టిగా ముడేసుకుని మెట్లెక్కాను. తలుపు కొట్టకుండా తోశాను.

అక్క కిటికీ పక్కన తొట్టి దగ్గర నిలబడి చేతులు కడుక్కుంటోంది. ఆమె వెనక, గదంతా, తీగల పళ్ళేలు. బల్ల మీద, మంచం కింద, బీరువా పైన, కుర్చీలో. ఒక్కొక్క పళ్ళెంలో ఎడం ఎడంగా పేర్చిన సబ్బులు. మూడు కంపెనీ ఫ్యాన్లు మూడు మూలల నుంచి వాటి మీదకి తిరుగుతున్నాయి. బావగారు పాపం గుమ్మం పక్కన స్టూలు మీద కూర్చుని పేపరు చదువుకుంటున్నారు, ఆ గదిలో ఆయనకు దక్కిన చోటు అదే.

"బుట్ట ఎక్కడ?" అన్నాను.

"ఏ బుట్ట?"

"కారావిడ బుట్ట."

"ఓ, అదా? పట్టుకుపొమ్మన్నాను. మూడోసారి రావడం ఆవిడ."

నేను దగ్గర్లో ఉన్న సబ్బు తీసి చూశాను. దాని మీద ఆకు. ఎడమకు ఒరిగి ఉంది.

ఇంకోటి తీశాను, దాని మీదా అదే ఆకు. బావగారు కూడా పేపరు దించి చూశారు.

"ఇవన్నీ... కొట్లో కొన్నది నువ్వా?"

"మరేం చెయ్యను? లోపలింకా పచ్చిగా ఉన్నాయి. ఆ మెత్తటి సబ్బు బయటివాళ్ళ చేతికి వెళితే ఇంకోసారి ఆ ఆకు బొమ్మ మొహం చూస్తారా? ఎంతకి గట్టిపడతాయో చూద్దామని వారానికొకటి కడిగి చూస్తున్నా. ఇదిగో, ఇది చూడు" అని తడిచేతిలోని సబ్బును బల్ల మీద టకటకా కొట్టింది. "రాయిలా ఉంది! చెక్కుచెదర్లేదు. మరిది చేతిలో పనితనముంది. గాలి తగలక పాడైంది, అంతే."

"ఆ కారావిడకి ఏం చెప్పావు?"

"ఏముంది చెప్పడానికి? మా ఇంట్లోనే సబ్బులు చేసేవాడున్నాడు. మీ సబ్బు పొగిడితే అతని నోట్లో మట్టి కొట్టినట్టు. తెగిడితే అతని కోసం తెగిడానంటారు. సబ్బుల జోలికి ఇక రానన్నాను. సంవత్సరమంతా రాయమన్నారులే, వంటిల్లు కూడా కొత్తది కట్టిస్తామన్నారు."

కొత్త వంటిల్లు! ఆమె పోగొట్టుకున్న వంటిల్లు చూసి కూడా నాకు అసూయ వేసింది.

అయినా ఆఖరి ప్రయత్నంగా అన్నాను. "మరి ఇదంతా ముందే చెప్పలేదేం? అన్నీ చెప్పేదానివి కదా!"

"నాకెవరైనా ఇస్తే చెప్పాలి. నేను కొనుక్కుంటే చెప్పడానికేముందే?" అంది, ఆ ప్రశ్న అర్థంకానట్టు. "అన్నట్టు, ఇంకా చాలా వారాలు ఆరబెట్టమని మరిదికి నువ్వే చెప్పు. నేను చెప్తే పెద్దరికం చూపించానంటాడు. ఇవి కొన్నది నేనని మాత్రం చెప్పకు. ఎవరో ముక్కూమొహం తెలియనివాళ్ళు కొన్నారనేగా ఈలవేస్తున్నాడు."

"నా బ్లాగు వల్ల అమ్ముడుపోయాయని అనుకుంటున్నారు ఆయన."

"అనుకోనీ. నీ బ్లాగు కూడా ఇంకొంచెం నడవనీ."

"అది అబద్ధం కాదా?"

ఆమె సబ్బు పెట్టెలో పెట్టి, చేతులు తుడుచుకుని, కాస్త ఇబ్బందిగా బావగారి వైపు చూసింది. బావగారు పేపరు వెనక్కి వెళ్ళిపోయారు.

"నేనేం అనలేదుగా" అంది చివరికి, చిన్న గొంతుతో. "ఎవరూ నన్ను అడగలేదు కూడా."

అక్కను నేను మొదటిసారి తడబడగా చూశాను. ఇంతకాలం ఎదురుచూసిన తప్పు అదే. చేతికందాక ఏం చేసుకోవాలో తెలియక కిందకి దిగివచ్చేశాను. మర్నాటి నుంచి మళ్ళీ టీ పట్టుకుని మేడెక్కాను.

ఆరబెట్టమని మా ఆయనకు చెప్పాను. "మొన్న ఎందుకన్నావుగా?" అన్నాడు. "మొన్న మొన్నే, ఇవాళ ఇవాళే" అన్నాను. వెనక గదిలో తీగల పళ్ళేలు వెలిశాయి. కొత్త సబ్బులు ఆరి, గట్టిపడి, కొట్టుకు వెళ్ళాయి. ఈసారి కొన్నవాళ్ళు నిజంగానే జనం. నేను ఎదురుగా బిస్కెట్లు బేరం చేస్తున్నట్టు నటిస్తూ నిలబడి కళ్ళారా చూశాను. ఒకావిడ రెండోసారి వచ్చి, "ఆ వంకర ఆకు సబ్బు ఇవ్వండి" అంది. కొట్టాయన రెండో అర కూడా ఇచ్చాడు. మా ఆయన మేనమామకు ఫోను చేసి, రానని చెప్పేశాడు. ఫోను పెట్టేసి వెనక గదిలోకి వెళ్ళి, ఎవరూ చూడటంలేదనుకుని గంతేశాడు. నేను కిటికీలోంచి చూశాను.

ఆ ఆదివారం భోజనాల దగ్గర అందరం ఉన్నాం. మా ఆయన ఉత్సాహంగా, "అంతా ఈమె రాత మహిమ. ఆరబెట్టమని చెప్పిందీ ఈమే" అన్నాడు. అత్తయ్య గరిటె ఆపి నన్ను ఎగాదిగా చూసింది. ఈ ఇంట్లో అడుగుపెట్టిన నాటి నుంచి ఆవిడ నోటి వెంట నేను వినాలని కలలుగన్న మాట అప్పుడంది.

"చిన్నకోడలు గట్టిది. ఈ ఇల్లు నిలబెట్టింది."

అని నా పళ్ళెంలో ఇంత కూర వేసింది. నాకు చెవులు వేడెక్కాయి. ఇంతకాలం వద్దన్న అక్క రోగం ఎక్కడి నుంచి అంటుకుందో, నిజం నాలుక చివరికి వచ్చేసింది. "అది కాదత్తయ్యా, అసలు..." అని నోరు తెరిచాను.

బల్ల కింద అక్క నా కాలు తొక్కింది. ఊరికే తగిలించడం కాదు, మడమతో, కసిగా.

"అవునత్తయ్యా," అంది నా వైపు చూడకుండా, మంచినీళ్ళ గ్లాసు అందుకుంటూ. "చిన్నది చాలా గట్టిది."

నేను ఆగాను. మా ఆయన ఆగాడు. బావగారు ముద్ద చేతిలోనే పెట్టుకుని ఆమె వైపు చూశారు. అందరం ఆ మూడు మాటల కోసం ఎదురుచూశాం, ఈమె నా తోడికోడలు, నాకు టీ ఇస్తుంది, సగం తగ్గించుకోండి అంటుందేమోనని. ఏమీ అనలేదు. నీళ్ళు తాగి, గ్లాసు కింద పెట్టి, తన భోజనం తను చేసుకోసాగింది.

కాలి బొటనవేలు రెండు రోజులు వాచింది. ఆ రెండు రోజులూ కుంటుతూ మేడెక్కి దిగుతూ అదే ఆలోచించాను. మిక్సీల మీద అసూయ అయితే మిక్సీ కొనుక్కుంటే తీరుతుంది. మనిషి అలా ఉండటం మీద అసూయపుడితే ఏ కొట్లో కొనుక్కోను? నాకిప్పుడు ఆమె మీద కడుపుమంట మునుపటికంటే పదింతలుంది, చెప్పడానికి సిగ్గేమీ లేదు.